పాపికొండల లాంచీ

రాజమండ్రి నుంచి పాపికొండలకు లాంచీ మీద వెళ్లి రావడమంటే ఇప్పటివాళ్లకు ఒకరోజు విహారం. పొద్దున్నే రేవుకు చేరడం, పడవలోనే టిఫినూ భోజనమూ కానివ్వడం, రెండు వైపులా కొండలు నిలబడ్డ గోదారిని కళ్లారా చూసి చీకటి పడేలోగా ఒడ్డెక్కడం. ఎక్కేటప్పుడు పడవలో ఎవరికి ఎవరూ కారు. దిగేటప్పటికి ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకుంటారు. యాభై అరవై ఏళ్ల కిందట ఇదే నీటి మీద నడిచిన లాంచీలకు మాత్రం షికారుతో పనిలేదు. మన్యంలో బాటలు సరిగా లేని ఆ రోజుల్లో ఏటి ఒడ్డు ఊళ్లకు బస్సూ అదే, సరుకుల బండీ అదే. అవసరం కోసం పుట్టిన ప్రయాణం, ఆ అవసరం తీరిపోయాక వినోదంగా మిగిలింది.

గోదావరి నాసిక్ దగ్గరి త్ర్యంబకంలో పుట్టి, సముద్రంలో కలిసేలోగా 1,465 కిలోమీటర్లు నడుస్తుంది. భద్రాచలం దాటాక కూనవరం దగ్గర శబరి వచ్చి కలుస్తుంది. ఆ తర్వాత నది తూర్పు కనుమల్లోకి దూరుతుంది. ధవళేశ్వరం దగ్గర నాలుగు పాయల మీద కట్టిన ఆనకట్ట పొడవే సుమారు 3.6 కిలోమీటర్లు. అంత వెడల్పున పరుచుకునే నది పాపికొండల మధ్య కొన్ని వందల మీటర్లకు ముడుచుకుపోతుంది. వెడల్పు తగ్గినచోట లోతు పెరుగుతుంది, మలుపు తిరిగినచోట సుడి లేస్తుంది. జుట్టు మధ్య తీసిన పాపిడిలా కొండల నడుమ నది కనిపిస్తుంది కాబట్టి పాపిడి కొండలన్నారనీ, అదే వాడుకలో పాపికొండలయిందనీ ఈ ప్రాంతంలో చెబుతారు. ఇంగ్లీషు దొరలు తమ రికార్డుల్లో ఈ కొండల వరుసకు అడవిదున్నల పేరు పెట్టి బైసన్ కొండలని రాసుకున్నారు. డెల్టా నుంచి ఎగువ అడవుల్లోకి పోవడానికి ప్రకృతి తెరిచిన వాకిలి ఇదొక్కటే. అందుకే కొండరెడ్లు, కోయలు ఉండే ఈ లోయ చరిత్రంతా నది వెంటే నడిచింది.

ఆవిరి యంత్రాలు రాకముందు ఈ దారిలో తిరిగినవి తెరచాప పడవలు, దోనెలు, తెప్పలు. దిగువకు వచ్చేటప్పుడు ప్రవాహమే మోసుకొచ్చేది. ఎగువకు పోవడమే అసలు కష్టం. గాలి కలిసొస్తే చాప ఎత్తేవారు, లేకపోతే గడ వేసేవారు, గట్టు అనువుగా ఉన్నచోట మనుషులు దిగి తాడు భుజాన వేసుకుని లాగేవారు. పాపికొండల్లో చాలాచోట్ల కొండ నేరుగా నీళ్లలోకే దిగుతుంది గనుక తాడు లాగేవాడికి కాలు మోపే చోటు ఉండదు. అడవి వెదురూ, కలపా తెప్పలుగా కట్టి దిగువకు వదిలేవారు. చింతపండు, తేనె లాంటి కొండ సరుకు కిందికి దిగేది. ఉప్పూ బట్టలూ పైకి ఎక్కేవి. కొండల్లో అన్నీ పండినా ఉప్పు పండదు. సముద్రం ఒడ్డున తీసిన ఉప్పు మన్యం ఇళ్లకు చేరడానికి నీటిదారిని మించినది లేదు.

సరుకుతో పాటు భక్తులూ ఉండేవారు. 17వ శతాబ్దంలో పాల్వంచ పరగణా తహసీల్దారు కంచర్ల గోపన్న, అంటే రామదాసు, భద్రాచలంలో ఆలయం కట్టించిన తర్వాత ఆ ఊరు తెలుగువాళ్లందరికీ క్షేత్రమయింది. డెల్టా ఊళ్ల నుంచి శ్రీరామనవమి కల్యాణానికి పోవాలంటే గోదారి ఎదురెక్కడమే మార్గం. పడవలో ముక్కూమొహం తెలియనివాళ్లతో కలిసి పొద్దు పుచ్చడం, వాళ్లతోనే కొండలూ గుళ్లూ చూడడం అనే అలవాటుకు మొదలు ఈ యాత్రల్లోనే వెతకాలి.

19వ శతాబ్దంలో ఈ దారి మీద పెద్ద ఆశలు పెట్టుకున్న మనిషి ఆర్థర్ కాటన్. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852 నాటికి పూర్తయింది. కాటన్‌ను తెలుగువాళ్లు పొలాలకు నీళ్లిచ్చిన దొరగా గుర్తుపెట్టుకున్నారు, అది న్యాయమే. అయితే ఆయన దృష్టిలో కాలువ అంటే సాగునీరు ఒక్కటే కాదు. అదే కాలువలో పడవ కూడా నడవాలి. అందుకే గోదావరి కాలువలకు పడవలు దాటే లాకులు కట్టారు. కాకినాడలో బయలుదేరిన పడవ గోదావరి, కృష్ణా కాలువల గుండా దిగి, బకింగ్‌హాం కాలువ పట్టుకుని మద్రాసు దాకా పోగలిగే ఏర్పాటు తయారయింది. రైలు కంటే నీటిబాట చవకని కాటన్ జీవితాంతం వాదించాడు.

ఆ వాదనతోనే ఎగువ గోదావరి మీద ఒక భారీ పథకం వేశారు. నాగపూరు, బీరారు ప్రాంతాల పత్తిని నది మీదుగా దింపి, తూర్పు తీరంలో ఓడలకు ఎక్కించాలన్నది ఆలోచన. 1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి పత్తి ఇంగ్లండు మిల్లులకు అందకుండా పోయేసరికి ఈ పథకానికి ఊపు వచ్చింది. నదిలో పడవను ఆపేసే రాతి మెట్టలు మూడుచోట్ల ఉన్నాయి. మొదటిది భద్రాచలానికి ఎగువన దుమ్ముగూడెం దగ్గర, రెండోది ఇచ్చంపల్లి దగ్గర, మూడోది ఇంకా పైన దేవలమర్రి దగ్గర. ఆ మెట్టలను తప్పించడానికి ఆనకట్ట, పక్కన కాలువ, లాకులు కట్టాలి. హేగ్ అనే ఇంజనీరు ఆధ్వర్యంలో దుమ్ముగూడెం దగ్గర ఆనకట్టా లాకులూ లేచాయి. కానీ అడవిలో మన్యం జ్వరం కూలీలను పడగొట్టింది, ఖర్చు అంచనాలు దాటింది, ఇంతలో 1867లో బొంబాయి నుంచి నాగపూరుకు రైలు వచ్చేసింది. పత్తి పడమటి దారి పట్టాక ప్రభుత్వానికి నది మీద ఆసక్తి పోయింది. 1871లో పథకాన్ని వదిలేశారు.

దీన్ని కాటన్ ఓటమిగానే చాలామంది రాశారు. లోయ వైపు నుంచి చూస్తే ఆ మాట సగమే నిజం. మొదటి మెట్ట దుమ్ముగూడెంలో ఉందంటే, దానికి దిగువన సముద్రం దాకా పడవకు రాతి అడ్డు లేదని అర్థం. ఆ తర్వాత వంద ఏళ్ల పాటు రాజమండ్రి, భద్రాచలం మధ్య లాంచీలు నడిచాయంటే, అది నదికి ఉన్న ఈ గుణం వల్లే. ఈ నడుమ దూరం 171 కిలోమీటర్లు. కేంద్రం 2008లో నాలుగో జాతీయ జలమార్గంలో ఈ భాగాన్ని చేర్చింది కూడా.

పాలన కూడా నది దారినే పట్టింది. భద్రాచలం తాలూకాను 1860లో నిజాం బ్రిటిషువారికి ఇచ్చాడు. కొన్నాళ్లు మధ్య పరగణాల కింద ఉండి, 1874లో అది మద్రాసు ప్రెసిడెన్సీలోని గోదావరి జిల్లాలో చేరింది. అప్పటి నుంచి భద్రాచలం కచేరీకి పైఅధికారులు దిగువ ఊళ్లలోనే ఉన్నారు. దస్త్రమైనా, బందోబస్తు అయినా నది ఎదురెక్కి రావలసిందే. అలాంటి బందోబస్తు అవసరమూ పడింది: 1879లో రంపలో లేచిన ఫితూరీ, అంటే తిరుగుబాటు, కొండలు దాటి భద్రాచలం తాలూకాలోని రేకపల్లి ప్రాంతానికి పాకింది. 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాకు మారాక ఈ పాలన సంబంధం తెగినా, జనం రాకపోకలు తెగలేదు.

దిగువన రాజమండ్రి, కొవ్వూరు మధ్య నది దాటడం వేరే కథ. 1890ల్లో మద్రాసు వైపు నుంచి కొవ్వూరు దాకా, విశాఖ వైపు నుంచి రాజమండ్రి దాకా రైలు వచ్చి ఆగేది. మధ్యలో గోదావరిని పడవలో దాటి అవతలి రైలు ఎక్కేవారు. 1900లో హేవలాక్ వంతెన తెరిచాక రైలు ప్రయాణికులకు ఆ బాధ తప్పింది గానీ, బండ్లకూ కార్లకూ దారి లేదు. 1974లో రోడ్డు, రైలు వంతెన వచ్చేదాకా వాటిని ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకు దాటించింది రేవులే. ఇలాంటి రేవులకు మద్రాసు ప్రభుత్వం 1890లో కాలువలు, రేవుల చట్టం చేసింది. ఏటేటా రేవు పాట పాడి హక్కు దక్కించుకున్నవాడు పడవ నడిపి రుసుము వసూలు చేసుకునేవాడు.

ఎగువ దారిలో 20వ శతాబ్దంలో ఆవిరి పడవల స్థానంలో నూనె ఇంజన్ల లాంచీలు వచ్చాయి. లాంచీని నడిపేవాడు సరంగు, అతని కింద కళాసీలు. ఈ నదిలో సరంగు పని చదువుతో వచ్చేది కాదు. ప్రతి వరదా ఇసుక మేటలను కదిలిస్తుంది. నిరుడు లోతుగా ఉన్నచోట ఈ ఏడు పడవ కూరుకుపోతుంది. నీటి రంగు, అల తీరు, ఒడ్డు ఒరుసుకున్న వైపు చూసి దారి పోల్చుకోవాలి. ముందు కూర్చున్న కళాసీ గడ దింపి లోతు చూసి కేకేస్తే, వెనక చుక్కాని తిరిగేది. వేసవిలో నీరు తగ్గితే పెద్ద లాంచీ పై దాకా పోలేదు. గోదారి ఎర్రబడి వరద పొంగితే కొండల మధ్య ఎదురెక్కలేదు. నదికి వచ్చిన ఈ రెండు కోపాల నడుమ దొరికిన నెలల్లోనే ప్రయాణం.

ఎదురెక్కే లాంచీ నెమ్మదిగా కదిలేది. పొద్దున ఎక్కినవాడికి చీకటి పడినా ఊరు రాకపోవచ్చు. ఆ నెమ్మదే పడవలో మనుషులను కలిపింది. సంతకు పోయి వచ్చే కొండరెడ్లు, అడవి గుత్తేదార్లు, బదిలీ మీద మన్యానికి పోతున్న పంతుళ్లు, పోలీసులు, మొక్కు తీర్చుకోవడానికి బయలుదేరిన కుటుంబాలు అందరికీ ఉన్నది ఒకే బల్ల. ‘ఏ ఊరండి మనది?’ అన్న ప్రశ్నతో మాట మొదలయ్యేది. ‘ఎవరి తాలూకండి?’ అనేసరికి ఏదో ఒక చుట్టరికం తేలేది. ఒకరి మూటలో పులిహోర, ఇంకొకరి జాడీలో ఆవకాయ. ఊళ్లో ఒకరి గడప ఒకరు తొక్కనివాళ్లు సైతం ఆ ఒక్క పూట పక్కపక్కన కూర్చోవలసి వచ్చేది. లాంచీ కులాన్ని చెరిపేసిందని చెప్పడం అతిశయోక్తి. కూర్చునే చోటు దగ్గర మాత్రం దాని పట్టు కొంత సడలింది.

దారి పొడవునా రేవులే గుర్తులు. నది మధ్య దేవకూట పర్వతం మీద వీరేశ్వరుడి గుడి ఉన్న పట్టిసీమ, శివరాత్రికి వేల మందిని పడవల మీద రప్పించుకునే చోటు. ఆ పైన పోలవరం, ఎడమ గట్టున దేవీపట్నం. గొందూరు దగ్గర గండిపోచమ్మ గుడి. కొండల్లోకి ప్రవేశించే ముందు సరంగులు దండం పెట్టుకునే తల్లి ఆవిడ. కుడి గట్టున పేరంటాలపల్లిలో 20వ శతాబ్దం తొలి భాగంలో బాలానంద స్వామి శివాలయం చుట్టూ శ్రీరామకృష్ణ మునివాటం నెలకొల్పి, కొండరెడ్ల మధ్యే ఉండిపోయాడు. చల్లని ఏటి ఒడ్డున, కొండవాగు పక్కన ఉన్న ఆ ఆశ్రమం నాటి బాటసారులకు విడిది. నేటి విహార యాత్రికులు తప్పనిసరిగా దిగే చోటూ అదే. కొండరెడ్లు వెదురుతో చెక్కిన పూలూ బొమ్మలూ అక్కడే అమ్ముతారు.

ఈ ప్రయాణాన్ని తెలుగుదేశం మొత్తానికి చూపించింది సినిమా. 1973లో వచ్చిన ‘అందాల రాముడు’ కథంతా రాజమండ్రి నుంచి భద్రాచలం పోయే పడవ మీదే సాగుతుంది. రాసిన ముళ్లపూడి వెంకటరమణ ధవళేశ్వరంలో పుట్టినవాడు, తీసిన బాపు నరసాపురంలో పుట్టినవాడు. ఇద్దరికీ గోదారి కొత్త కాదు. డబ్బున్నవాళ్లూ లేనివాళ్లూ, తగువులమారులూ మంచివాళ్లూ ఒకే పడవ ఎక్కితే ఏమవుతుందన్నదే అందులోని అసలు సంగతి. లాంచీ ప్రయాణం అవసరంగా బతికున్న చివరి రోజుల చిత్రం అది. ఆ తర్వాత భద్రాచలానికి బస్సులు ఏ కాలంలోనైనా పోవడం మొదలయ్యేసరికి, రోజంతా నది మీద గడపాల్సిన పని జనానికి లేకపోయింది. రోడ్డు చేరని ఏటి ఒడ్డు గూడేలకు మాత్రం లాంచీయే గతి.

ఖాళీ అయిన దారిలోకి విహారం వచ్చింది. 1978లో ఈ అడవిని అభయారణ్యంగా ప్రకటించారు. 2008లో 1,012.86 చదరపు కిలోమీటర్ల జాతీయ ఉద్యానం అయింది. పర్యాటక శాఖ పడవలూ, ప్రైవేటు పడవలూ పెరిగాయి. 2006లో శేఖర్ కమ్ముల తీసిన ‘గోదావరి’లో పెళ్లి బృందం భద్రాచలానికి పడవలో పోతుంది. అప్పటికి ఆ దారిలో పెళ్లికి పడవ మీద పోవడం ఎవరికీ అవసరం కాదు, ముచ్చట మాత్రమే. ఆ ముచ్చట కోసం హైదరాబాదు నుంచీ, విదేశాల నుంచీ సెలవులకు వచ్చిన కుటుంబాలు రాజమండ్రిలో దిగసాగాయి.

ఒకరోజు యాత్రకు ఒక పద్ధతి స్థిరపడింది. రాజమండ్రిలో పొద్దున్నే బస్సు ఎక్కించి పట్టిసీమ, పోలవరం లేదా పురుషోత్తపట్నం రేవుకు చేర్చేవారు. పడవ కదలగానే టిఫిను. గండిపోచమ్మ దగ్గర ఆపి దర్శనం. కొండలు దగ్గరపడేలోగా మైకు పట్టుకున్న కుర్రాడు ఊళ్ల పేర్లూ, సినిమాలు తీసిన చోట్లూ చెబుతాడు. మధ్యాహ్నం శాకాహార భోజనం, తర్వాత పాటలు, డాన్సులు, అంత్యాక్షరి. పేరంటాలపల్లిలో దిగి గుడి చూసి, వెదురు పూలు కొనుక్కుని వెనక్కి. రాత్రి ఉండదలచినవాళ్లకు కొల్లూరు ఇసుకతిన్నెల మీద వెదురు గుడిసెలు, బొంగులో చికెన్. పాత లాంచీలో పొద్దుపోక మొదలైన పరిచయాలను ఇప్పుడు మైకు పెట్టి, ఆటలాడించి కలుపుతున్నారు. ఆ హోరులో గోదారి చప్పుడు వినపడకపోవడం నిజంగా లోటే. అయినా, ఇంజను ఆపి ఇరుకు దగ్గర పడవను ప్రవాహానికి వదిలిన క్షణంలో పై బల్ల మీద అందరూ ఒక్కసారి మౌనమైపోవడం చూసినవారికి, ఈ కొండల బలం ఇంకా తగ్గలేదని తెలుస్తుంది.

నది అపాయం కూడా తగ్గలేదు. 2018 మే 15న కొండమొదలు వైపు నుంచి గిరిజనులతో వస్తున్న లాంచీ దేవీపట్నం మండలం మంటూరు దగ్గర గాలివానకు మునిగిపోయింది. వాన జల్లు పడుతోందని తలుపులు మూసుకోవడంతో లోపలివాళ్లు బయటికి రాలేకపోయారు. 2019 సెప్టెంబరు 15న విహార యాత్రికుల బోటు కచ్చులూరు దగ్గర బోల్తాపడింది. ఆ రోజు నదిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద ఉంది. నది మలుపు తిరిగి సుడులు లేచే ఆ చోటును స్థానికులు కచ్చులూరు మందం అంటారు. యాభై మంది దాకా పోయారు. 26 మంది ప్రాణాలతో బయటపడ్డారంటే, అందుకు కారణం కేకలు విని పడవలు వేసుకొచ్చిన ఒడ్డు ఊరి గిరిజనులు. లోతుల్లో చిక్కుకున్న బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లంగర్లు, ఇనుప తాళ్లతో వెతికి, 38వ రోజున ఒడ్డుకు లాగింది. వరదలో ఆ మందం మీదుగా పోకూడదని ఏ పాత సరంగును అడిగినా చెప్పేవాడు. ఆ ఎరుకను పక్కన పెట్టి పడవ వదలడమే ఘోరానికి మూలం. ఆ తర్వాత విహారం ఆపేశారు. రేవుల్లో కంట్రోల్ రూములు పెట్టి, 2021 నవంబరులో తిరిగి అనుమతించారు. వరద రోజుల్లో ఇప్పుడు పడవలు కదలనివ్వరు.

దారిని అన్నిటికంటే ఎక్కువగా మార్చింది పోలవరం ప్రాజెక్టు. 1981లో శంకుస్థాపన జరిగినా, పనులు ఊపందుకున్నది 2004 తర్వాత. 2014లో దానికి జాతీయ హోదా వచ్చింది. ముంపు మండలాలను తెలంగాణ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. 2021 జూన్‌లో గోదావరిని స్పిల్‌వే వైపు మళ్లించాక, రాజమండ్రి రేవులో ఎక్కిన పడవ ఇక పాపికొండలకు పోలేదు. యాత్రికులు బస్సులో ప్రాజెక్టును దాటి గండిపోచమ్మ గుడి దగ్గర పడవ ఎక్కుతున్నారు. భద్రాచలం వైపు వాళ్లు పోచవరం దగ్గర ఎక్కుతున్నారు. 171 కిలోమీటర్ల నీటిదారిలో మిగిలింది నడుమ ముక్క ఒక్కటే. వెనక్కి తన్నిన వరదనీటిలో దేవీపట్నం మునిగింది, గండిపోచమ్మ గుడి వరద కాలంలో నీట నిలుస్తోంది, ఒడ్డు ఊళ్లవాళ్లు పునరావాస కాలనీలకు తరలిపోయారు.

ప్రాజెక్టు 45.72 మీటర్ల పూర్తి మట్టానికి నిండితే పాత లాంచీ రేవుల్లో చాలావాటిని మళ్లీ చూడలేం. మందాలు, మేటలు, పడవ కట్టే రాళ్లు, వాటి పేర్లు ఏ పటంలోనూ లేవు. అవి తెలిసిన సరంగులు రాజమండ్రిలోనూ, కాలనీల్లోనూ ఇంకా ఉన్నారు. పాపికొండలు చూడబోయేవారు వాళ్లను పలకరించి, ఆ పేర్లు అడిగి రాసి పెట్టాలి.